పాదలేపం కరిగిన తరువాత

ధనుర్మాసం ప్రవేశించిందంటే చాలు, మా బాపులపాడు మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒక కొత్త జాతి వాహనాలు బారులు తీరుతున్నాయి. నడుము ఎత్తు చక్రాలు, నెత్తిన అదనపు టైరు, ప్రక్కన డీజిలు డబ్బాలు, వెనుక పార, ముందు ఇనుప తాడు చుట్టిన యంత్రం, కప్పు మీద వరుసగా ఆరో ఎనిమిదో దీపాలు. అద్దం మీద ఒక కొండ బొమ్మ, దాని క్రింద ఏదో బృందం పేరు. కొన్ని తూర్పుగా లంబసింగికి, పాడేరుకు పోతాయి. మరికొన్ని ఎదురు దిక్కున హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి, లాహుల్ స్పితి లోయలకూ లదాఖ్‌కూ పోతాయి. దీనిని వారు సాహసయాత్ర అంటున్నారు. కొందరు ఇంకొక మెట్టు ఎక్కి, ఇదే ఈనాటి కాశీయాత్ర అంటున్నారు. మొదటి మాటకు చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడిని. రెండవ మాట విన్న తరువాత ఈ టపా వ్రాయక తప్పలేదు.

సాహసం అనే మాట సంగతి ముందు చూద్దాం. మన ధర్మశాస్త్రాలలో ఇది పొగడ్త కాదు, నేరం. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహార పదాలలో, అంటే రాజు ముందుకు వచ్చే వ్యాజ్యాల రకాలలో, సాహసం ఒకటి. నలుగురి ఎదుట బలిమిని చేసే దౌర్జన్యం అని దాని అర్థం. చాటుగా చేస్తే చౌర్యం, ఎదుటపడి చేస్తే సాహసం. తరువాతి కాలంలో ఆ మాట మంచి బట్టలు కట్టుకుని మన ముందుకు వచ్చింది, కాదనను. కాని 2023 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల రద్దీలో, లాహుల్‌లో ఒక పెద్దమనిషి రోడ్డు మీద బండ్లు నిలిచిపోయాయని తన వాహనాన్ని చంద్రా నదిలోకి దింపి, నీటిలో నుంచే ముందుకు పోయాడు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. పోలీసులు చలానా వ్రాశారు. ఆ పని ఏ అర్థంలో సాహసమో నేను వేరే చెప్పనక్కరలేదు. ప్రామాణికమైన పాత అర్థమే సరిపోయింది.

ఇక మంచు. అమరసింహుడు దీనికి అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఏడు పేర్లు పెట్టాడు. మన తెలుగువాడు మాత్రం ఆకు మీద బొట్టుకూ, కళ్ళెదుట పొగకూ, హిమాలయం మీద గడ్డకూ అన్నింటికీ మంచు అనే ఒక్క మాటతో సరిపెట్టాడు. అతనికి మూడవదానితో పని పడలేదు మరి. మొదటి రెండింటితో మాత్రం కావలసినంత పని. మా మండలానికి ఉత్తరాన నూజివీడు మామిడితోటలున్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, మేము కృష్ణాలో మిగిలాము. మంచుకు ఆ సరిహద్దు తెలియదు లెండి. మార్గశిర పుష్య మాసాలు మామిడికి పూత కాలం. పూత మీద మంచు దిగి, ఎండ పొద్దెక్కిగాని రాకపోతే బూడిద తెగులు పడుతుంది. తేనెమంచు పురుగు పూత రసం పీల్చి విడిచిన జిగట మీద మసి పేరుకుంటుంది. ఆ పురుగుకు రైతు పెట్టుకున్న పేరులోనే మంచు ఉన్నది, గమనించండి. ఆ రెండు నెలలూ మా చిన్నరసాల రైతు మంచును చూడడానికి ఏ ఊరూ పోడు. మంచే వచ్చి అతని చెట్టెక్కి కూర్చుంటుంది. తెల్లవారకముందే లేచి పూత వంక చూసి, ఆకాశం వంక చూసి, మందు కొట్టాలా వద్దా అని లెక్కలు వేసుకుంటూ ఉంటాడు. అదే వేళకు రోడ్డు మీద ఈ ఎనిమిది దీపాల బండి ఆ మంచును వెదుక్కుంటూ పోతూ ఉంటుంది.

ఆ దీపాల గురించి కూడా ఒక మాట. పొగమంచులో ఎత్తున వెలిగే తెల్లని దీపం దారిని చూపదు, మంచునే చూపుతుంది. వెలుతురు నీటి తుంపరల మీద పడి చెదిరి, నడిపేవాడి కళ్ళలోకే తిరిగి వస్తుంది. అందుకే మంచుకు పనికివచ్చే దీపాన్ని బండికి అడుగున, నేలను చూసేటట్లు అమరుస్తారు. ఇది తెలియకనే కప్పు మీద దీపతోరణం కట్టుకున్నవాళ్ళు హనుమాన్ జంక్షన్ దగ్గర తెల్లవారుజామున ఎదురు వచ్చే లారీ డ్రైవరునూ, పాల క్యానులతో సైకిలు మీద పోయేవాడినీ ఒక్క క్షణం గ్రుడ్డివాళ్ళను చేసి పోతున్నారు. ఆ క్షణంలో ఏమైనా జరిగితే, లంబసింగిలో వారు తీసుకునే ఫొటోలో అది కనబడదు.

తెలుగులో శీతల ప్రదేశానికి సాధనబలంతో పోయిన మొదటి యాత్రికుడు ఎవరని నన్ను అడిగితే ప్రవరుడు అంటాను. అల్లసాని పెద్దన మనుచరిత్రను పాఠంగా చెప్పించుకున్నవాళ్ళు, చెప్పినవాళ్ళు ఈ పేజీ చదివేవారిలో చాలామంది ఉన్నారు. అరుణాస్పదపుర గృహస్థుకు ఊళ్ళు చూడాలని తహతహ. వచ్చిన అతిథులందరినీ దేశదేశాల కబుర్లు అడుగుతాడు. ఒక సిద్ధుడు పాదాలకు లేపం పూస్తాడు. క్షణంలో హిమాలయం చేరుతాడు. నడక లేదు, మజిలీ లేదు, దారిలో ఒక ఊరు లేదు, ఒక మనిషితో మాట లేదు. చూడవలసినదంతా చూసి ఇంటికి మరలుదామనుకునేసరికి మంచునీటికి లేపం కరిగిపోయి ఉన్నది. అప్పటికి గాని తాను వచ్చిన దారి తనకు తెలియదన్న సంగతి తెలియలేదు. అందుకే వరూధినిని చూడగానే అతడు అడిగినది ఊరికి దారి. తరువాతి కథను పండితులు శృంగారమనీ నిగ్రహమనీ వ్యాఖ్యానించారు. నేను క్లాసులో పిల్లలకు ఎప్పుడూ ఈ లేపం దగ్గర ఒక పీరియడు ఆగేవాడిని. తనది కాని శక్తితో పోయినవాడు ఆ శక్తి పోయిన చోట చిక్కుబడతాడు. చివరకు అగ్నిదేవుడు కరుణించబట్టి ఇల్లు చేరాడు.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి ఈనాటి పాదలేపం. పెద్ద చలిలో మామూలు డీజిలులోని మైనం గడ్డకట్టి గొట్టాలకు అడ్డం పడుతుంది. లదాఖ్ వంటి చోట్ల లారీ డ్రైవర్లు ట్యాంకు క్రింద మంట పెట్టి కరిగించుకోవడం పాత అలవాటు. అక్కడా అగ్నిదేవుడే దిక్కు, చూశారా! 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిలును లదాఖ్‌కు పంపడం మొదలుపెట్టింది. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక, ఒకప్పుడు రోహ్‌తాంగ్ కనుమ మూసుకుంటే నెలల తరబడి లోకంతో సంబంధం తెగిపోయే లాహుల్‌కు శీతాకాలంలోనూ దారి ఏర్పడింది. అక్కడివారికి అది ప్రాణావసరం. మనవారికి అది సెలవుల కార్యక్రమం అయింది. అదే దారి, రెండు ప్రయోజనాలు. మొదటిది రెండవదానికి దారి ఇవ్వవలసి రావడం మీదనే నా అభ్యంతరం.

లేపం కరిగినప్పుడు ఏమవుతుందో ఉదాహరణలు కావాలా? 2018 డిసెంబరు చివరలో సిక్కింలో నాథులా దారిన మంచు కురిసి సుమారు 2,500 మంది యాత్రికులు చిక్కుబడితే సైనికులు రాత్రికి రాత్రి వారిని తమ శిబిరాలకు చేర్చి, తమ పడకలు ఇచ్చి పండబెట్టారు. 2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ కొండలలో మంచు చూడడానికి పోయినవారి కార్లు వేల సంఖ్యలో రోడ్డు మీద నిలిచిపోయాయి. ఇరవై మందికి పైగా ఆ కార్లలోనే చనిపోయారు. చాలామందిని చంపినది చలి కాదని చెప్పారు. వెచ్చదనం కోసం ఇంజను నడుపుతూ నిద్రపోయారు. వెనుక పొగగొట్టం మంచులో కూరుకుపోయి, విషవాయువు కారులోకి వచ్చింది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్ర నిద్రగానే పోతుంది. ఏ దుకాణంలోనూ ఈ సంగతి బండితో పాటు చెప్పి అమ్మరు. మన పిల్లలు వేలకు వేలు పోసి తాళ్ళూ పారలూ కొంటున్నారు గాని, ఆగిన బండిలో ఇంజను నడపవలసి వస్తే ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాలని ఎంతమందికి తెలుసు?

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు, ఇప్పుడు నలభై దాటినవాడు, మామిడి ఎగుమతిలో నాలుగు డబ్బులు చేసుకుని అలాంటి బండి కొన్నాడు. తమ బృందం స్పితికి పోతున్నదనీ, యాత్రకు ఒక చక్కని తెలుగు పేరు పెట్టి పంపమనీ అడిగాడు. "హిమవిజయం అంటే ఎలా ఉంటుంది మాస్టారూ?" అన్నాడు. విజయం అంటే ఓడినవాడు ఒకడు ఉండాలి గదరా, ఎవడు ఓడిపోతాడు అని అడిగాను. కొండ అన్నాడు. కొండకు ఈ సంగతి తెలుసునా అన్నాను. పేరు పెట్టలేదు. అతడికి కోపం వచ్చింది. "మీరు జీవితంలో గన్నవరం దాటి బండి నడిపారా?" అన్నాడు. లేదు. నడపడం చేతనైనవాడే నడకను గురించి మాట్లాడాలంటే, లంకకు పోకుండానే రామాయణం పాఠం చెప్పిన మా వంటివాళ్ళందరం నేరస్థులమే.

ఉత్తరాది సంగతి అలా ఉండనీయండి. మన ఇంటి దగ్గర కథ ఇంకా ముఖ్యం. ఇక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైచిలుకు దూరంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి ఉన్నది. దానికి కొర్రబయలు అని ఇంకొక పేరు. బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అక్కడివారు అర్థం చెబుతారు. పేరులోనే ఒక హెచ్చరిక దాచుకున్న ఊరికి మనవారు ఆంధ్రా కాశ్మీరం అని పేరు పెట్టి పండుగ చేసుకుంటున్నారు.

నర్సీపట్నం నుంచి ఆ లంబసింగికి ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. ఈ రోడ్డు చరిత్ర తెలిసి ఎక్కేవారు ఎంతమంది? ఇంగ్లీషు దొరల కాలంలో గూడెం ప్రాంతపు రెవెన్యూ అధికారి బాస్టియన్ ఈ రోడ్డుపని గిరిజనుల చేత చేయించాడు. చెప్పిన కూలి ఇవ్వకుండా, ఎదురు చెప్పినవారిని హింసించి చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి ఆయుధాలు పట్టుకుపోయినవారిలో ఈ కొండలవారే ఉన్నారు. నూరేళ్ళు గడిచిన తరువాత, 2022లో ఆ ప్రాంతానికే అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు వచ్చింది. అదే సంవత్సరాలలో ఆ దారి మీద దీపాలు వెలిగించుకుని పోయేవారు, తాము దారి లేని చోటికి పోయి వచ్చామని చెప్పుకుంటున్నారు! దారి ఉన్నదయ్యా. ఎముకలు విరుచుకుని వేసినవాళ్ళున్నారు.

ఇప్పుడు మా కుర్రవాడి తరఫువారు చెప్పే వాదం వినాలి. ఈ రాకపోకల వలన గిరిజనులకు నాలుగు డబ్బులు వస్తున్నాయంటారు. నిజమే. వంజంగి కొండ మీద మేఘాల సముద్రం చూడడానికి పోయేవారిని జీపులలో చేరవేసి బ్రతుకుతున్న కుటుంబాలున్నాయి. బొర్రా దగ్గర కటికి జలపాతానికి బండరాళ్ళ దారిలో జీపులు నడిపేవారున్నారు. ఈ జీపు డ్రైవర్లను నేను నిందించడం లేదు. పైగా, శీతాకాలంలో కొండదారిన బండి నడపడం ఒక విద్య అయితే, ఆ విద్యకు అసలైన పండితులు వారే. సంతరోజున సర్వీసు జీపులో మనుషులనూ, కోళ్ళనూ, మిరియాల మూటలనూ కుక్కి, ముందు పది అడుగులు కనబడని మంచులో మలుపు మలుపుకూ హారన్ కొడుతూ దిగుతారు. వారి బండికి పేరు లేదు, కప్పు మీద దీపాలు లేవు. ఒక్కోసారి ముందున్న దీపాలే సరిగా ఉండవు. ఆ పని వారికి విజయం కాదు, మంగళవారం.

కాని డబ్బు వస్తున్నదని చెప్పి అన్నిటికీ ఒప్పుకోమంటే ఎట్లా? నవంబరు నుంచి జనవరి దాకా ఆ కొండలలో కాఫీ పండ్లు కోసే కాలం. సరిగ్గా ఆ కాలంలోనే సెలవు దినాలలో ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరి, కాయకష్టం చేసి బస్తాలు దింపుకునేవారు గంటలు గంటలు నిలబడవలసి వస్తున్నది. పచ్చగా పూసిన వలిసె చేను ఫొటోకు బాగుంటుందని మధ్యకు నడిచిపోతారు. అది నూనెగింజల పంట అనీ, తొక్కిన మేర గింజ కట్టదనీ అడిగి తెలుసుకోరు. మా మామిడితోటలోకి ఎవరైనా అలా బండి తోలితే మేము కర్ర పట్టుకునేవాళ్ళం. కొండమీదివాడు కర్ర పట్టుకోడని మన ధైర్యం.

అన్నిటికంటె నన్ను కలచివేసేది డోలీ. రెండు కొసలు ఇద్దరి భుజాల మీద మోసే వెదురు బొంగు, మధ్య ఒక దుప్పటి, అందులో ఒక గర్భిణి. పాడేరు ఏజెన్సీ నుంచి ఈ వార్త పత్రికలలో ఏటా వస్తూనే ఉన్నది. 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి. రోడ్లు కూడా కొన్ని పడుతున్నాయి. అయినా డోలీ పోలేదు. ఒక మిత్రుడు సలహా చెప్పాడు, ఈ సాహస బృందాలే తమ బండ్లతో ఒక వారం ఆ గూడేలకు సాయపడవచ్చు గదా అని. మంచి మాటే. కాని చిక్కు ఎక్కడున్నదో చూడండి. వారి బండి ఎక్కలేని చోటనే డోలీ మొదలవుతుంది. దారి లేని చోటుకు పోతానని ప్రకటించుకునే బండి, నిజంగా దారి లేని చోటు రాగానే ఆగి ఫొటో తీసుకుని వెనుదిరుగుతుంది. అక్కడ నుంచి పైకి పోయేది మనిషి భుజమే.

దూరదేశాల వారి ఘనకార్యాలలోనూ ఇదే తంతు. 1931లో సిట్రోయెన్ కంపెనీవారి బృందం బీరూటు నుంచి పెకింగు దాకా గొలుసుచక్రాల బండ్లతో బయలుదేరింది. ఆ కాలానికి లోకమంతా చెప్పుకున్న యాత్ర. కాశ్మీరం నుంచి గిల్గిత్ కొండలు దాటించేటప్పుడు కొన్నిచోట్ల బండ్లను ఊడదీసి, ముక్కలు ముక్కలుగా కూలీల చేత మోయించారు. చైనాలో చలికాలపు ఎడారిని దాటి 1932 ఫిబ్రవరిలో పెకింగు చేరారు. నాయకుడు హార్ట్ మరుసటి నెలలో హాంగ్‌కాంగులో చనిపోయాడు. అతని పేరు చరిత్రలో ఉన్నది. బండిని మోసినవారి పేర్లు ఏవీ?

ఇక కాశీయాత్ర. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పదిహేను రోజులు. పరివారం సుమారు నూరుమంది. ఆయనా పల్లకీ ఎక్కాడు గదా, ఆయననూ మనుషులే మోశారు గదా అని నన్ను ఎదురు ప్రశ్న వేయవచ్చు. వేయండి. ఆ లోటు ఆ కాలానిది, ఆయనది కూడా. దానిని కప్పిపుచ్చడం నా పని కాదు. కాని తేడా ఎక్కడున్నదంటే, ఆయన ప్రతి మజిలీలోనూ దిగాడు. ఊరు పేరేమి, మంచినీళ్ళు ఎట్లా ఉన్నవి, అంగళ్ళున్నవా, ఏ ధాన్యం దొరుకుతుంది, ఏరు ఎట్లా దాటాలి, సుంకం ఎవరు వసూలు చేస్తారు, మనుషులు ఎట్లా మాట్లాడతారు అని విచారించి వ్రాసి, మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపాడు. వీరాస్వామయ్య పోయిన తరువాత 1838లో ఆ పిళ్ళె దానిని అచ్చు వేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు మళ్ళీ పరిష్కరించి ప్రకటించారు. దాదాపు రెండు వందల సంవత్సరాల తరువాత కూడా, ఆ పుస్తకం తెరిస్తే ఒక దేశం కనబడుతుంది. వీరాస్వామయ్య మనకు కనబడడానికి కొంచెం వెదకాలి.

మన సాహస బృందాల దృశ్యాలు నేను ఓపికగా చాలా చూశాను. ఎవరో తెచ్చి చూపిస్తే మర్యాదకు కొన్ని, తరువాత పట్టుదలతో కొన్ని. చక్రం బురదలో తిరుగుతుంది, చక్రం నీటిలో దిగుతుంది, చక్రం మంచు మీద జారుతుంది. మధ్యలో టీ త్రాగుతారు. టీ ఇచ్చినామె పేరు లేదు. ఊరి పేరు తప్పు పలుకుతారు. అక్కడ చలికాలానికి ఏమి నిలవ చేసుకుంటారు, పశువులను ఎక్కడ కడతారు, పిల్లలు బడికి పోతారా లేదా, ఒక్క ప్రశ్న లేదు. మూడు వేల కిలోమీటర్లు పోయి తమ బండినే చూసి వచ్చినవారిని యాత్రికులని ఎట్లా అనమంటారు? దీనికి కాశీయాత్ర పేరు పెట్టడం తెలుగు వచనానికి అపచారం. నాకు ఈ విషయంలో రాజీ లేదు.

ఈ శీతాకాలంలో ఎవరైనా నర్సీపట్నం దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి సర్వీసు జీపు ఎక్కి చింతపల్లి సంతకు పోయి వస్తే, ఆ జీపు నడిపినతను అనుమతిస్తే అతని పేరూ, ఆ రోజు మిరియాలు ఏ ధర పలికాయో, కాఫీ కోతకు ఎంత కూలి ఇస్తున్నారో, దారిలో ఎన్ని గూడేలకు రోడ్డు లేదో వ్రాసి పంపండి. అచ్చుతప్పులు నేను దిద్దుకుంటాను. ఈ పేజీలోనే మీ పేరుతో ప్రచురిస్తాను. వీడియోలు వద్దు.